ఓడ తలకిందులైన నూరు ఫిల్సులు

2023 నవంబరు 19, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు నేను నా జీవితంలో మొదటి నాణేల చుట్టను విప్పాను. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి నా జ్ఞాపకశక్తి కారణం కాదు. బ్యాంకు రసీదు మీద తొమ్మిది పన్నెండు అని అచ్చయి ఉంది. అక్కడినుండి వ్యాను దాకా నడిచి, ముందు సీటులో కూర్చుని, చుట్ట కాగితాన్ని గోరుతో చీల్చడానికి ఎనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రసీదును నేను దాచుకున్నాను. తరువాత ఒక అబద్ధం చెప్పవలసి వచ్చినప్పుడు అది పనికివచ్చింది.

అప్పటికి నేను కువైట్‌కు వచ్చి రెండేళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాత, మా నాన్న వేలిముద్ర వేసినవారు. నా ఉద్యోగం సబ్హాన్‌లోని ఒక సరుకుల గిడ్డంగిలో, ఆఫీసు గుమస్తాగా. వీధి మూలల్లో ఉండే బకాలాలకు, అంటే చిన్న కిరాణా అంగళ్లకు, మా సంస్థ బిస్కెట్లు, పండ్ల రసాలు, డబ్బా పాలు పంపుతుంది. వ్యాన్లలో తిరిగే సేల్స్‌మెన్ దగ్గర చిల్లర లేకపోతే ప్రతి అంగడి ముందూ గొడవే. అందుచేత ప్రతి ఆదివారం బ్యాంకుకు వెళ్లి, కాగితంలో చుట్టిన నాణేలను తీసుకురావడం నా పనుల్లో ఒకటి.

ఆ ముందు వారం ఫోనులో ఒక వీడియో చూశాను. ఏదో దూరదేశంలో ఒకాయన బ్యాంకు నుండి చుట్టలు తెచ్చుకుని, బల్ల మీద కుమ్మరించి, వెండి నాణేలనూ, టంకశాలలో తప్పుగా అచ్చుపడిన నాణేలనూ ఏరుకుంటున్నాడు. చేతిలో భూతద్దం, పక్కన ఒక పుస్తకం, ముఖంలో తొందర లేదు. చిన్నప్పటినుండి మా ఇళ్లలో నేను చూసిన పనులన్నీ నడుము వంచి చేసేవే. కూర్చుని, కళ్లతో చేసే ఈ పని చదువుకున్నవాడికి తగినదిగా నాకు తోచింది. ఇప్పుడు ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా ముఖం వేడెక్కుతోంది.

కువైట్ చిల్లర నాణేలైన ఫిల్సుల్లో వెండి అసలే లేదని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు ప్రతి నాణేన్నీ అంచు మీద నిలబెట్టి, తెల్లని మెరుపు కోసం వెతికాను. తెలిసిన తరువాత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, వెతకడమూ మానలేదు. వెండి లేకపోయినా తప్పులు ఉంటాయి కదా అనుకున్నాను.

ఆ తప్పుల్లో నేను ముఖ్యంగా కోరుకున్నది ఒకటుంది. కువైట్ నాణేనికి ఒకవైపు విలువ, రెండోవైపు తెరచాప ఓడ ఉంటాయి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు నాణేన్ని తిప్పితే ఓడ నిటారుగా నిలబడాలి. టంకశాలలో అచ్చు కదిలిపోతే ఓడ పక్కకు ఒరుగుతుంది. అచ్చు పూర్తిగా తిరిగిపోతే ఓడ తలకిందులవుతుంది. అలాంటి నూరు ఫిల్సుల నాణెం ఒక్కటి దొరికితే చాలునని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి.

మా వ్యాను డ్రైవరు రాయచోటి వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను చుట్టలు విప్పుతూ ఉంటే స్టీరింగు మీద మోచేతులు ఆనించి చూసేవాడు.

"ఏం సామీ, ఫిల్సులకు జాతకం చూస్తాండావా?"

"తప్పులున్నవి ఏరుతున్నానన్నా."

"తప్పులు ఏరాలంటే బ్యాంకు దాకా యాల అబ్బా? మన మేనేజరు కుర్చీ కింద చూడు. చుట్టలు చుట్టలు దొరుకుతాయి."

నవ్వేవాణ్ణి. కాని పని మాత్రం పద్ధతిగా చేసేవాణ్ణి. పాత సంవత్సరం నాణెమో, అచ్చు చెదిరిన నాణెమో కనబడితే దాన్ని తీసుకుని, అదే విలువగల నాణేన్ని నా జేబులోంచి చుట్టలో పెట్టి, కాగితం మళ్లీ చుట్టి టేపు అంటించేవాణ్ణి. నాణేనికి నాణెం. సంస్థకు నష్టం లేదు, బకాలావాడికి నష్టం లేదు. ఈ నియమం నేనే పెట్టుకున్నాను. దాన్ని తలుచుకుని నా నిజాయితీకి నేనే మురిసిపోయేవాణ్ణి కూడా. జరిగినదంతా ఈ నియమం వల్లనే జరిగింది.

నాణేలు సేకరించే తెలుగువారి వాట్సాప్ గుంపు ఒకటి ఇక్కడ ఉందని తెలిసి అందులో చేరాను. అందరూ హైదరాబాదు, విజయవాడల నుండి వచ్చిన పెద్ద ఉద్యోగాలవారు. ఇంజినీర్లు, ఒక పళ్ల డాక్టరు, సాఫ్ట్‌వేరువారు. నెలకొక శుక్రవారం సాల్మియాలో ఒక ఇంజినీరు గారి ఫ్లాటులో కలిసేవారు. ఆయనది విజయవాడ. అందరినీ గారు అనే పిలిచేవారు, నన్ను కూడా. అలా పిలిపించుకోవడం నాకు కొత్త. మొదటి సమావేశంలో ఒకరు, "మీవాళ్లెవరైనా ఇక్కడ ఉన్నారాండీ?" అని అడిగారు. "మా బంధువులు చాలా కాలంగా ఇక్కడే ఉన్నారండీ" అన్నాను. ఆ మాటలో అసత్యం లేదు. అసత్యం లేకుండా దాచగలిగినందుకు ఆ రోజు సంతోషపడ్డాను.

దాచినది మా చిన్నమ్మను. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ కుటుంబంలో ఆమె ఇరవై రెండేళ్లుగా ఇంటిపని చేస్తోంది. మా అమ్మకు స్వయానా చెల్లెలు. నా డిగ్రీ, హాస్టలు, చివరికి ఈ దేశానికి నా వీసా, అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి. ఆమెకు చదువు రాదు. ఇఖామా అనే నివాస అనుమతి మీద తేదీ, బ్యాంకు నుండి వచ్చిన కాగితం, ఊళ్లో పొలం పాసుబుక్కు ఫొటో, ఏదైనా సరే నాకు పంపి, ఫోను చేసి చదివించుకునేది. పక్క గదిలోని శ్రీలంక ఆమెకు బాగా చదువు వచ్చు. అయినా ఆమెను అడగదు. "మావోడు చదివినాక ఇంగెవురూ చదవాల్సిన పనిల్యా" అనేది.

2025 జనవరి నెలాఖరులో ఒక గురువారం ఆమె ఫోను చేసింది.

"మా బావ పోయినాడంట నాయనా. పొద్దున్నే ఫోనొచ్చింది."

చిన్నాయన అన్నగారు చాలాకాలంగా మంచం మీద ఉన్నారని నాకు తెలుసు. ఓదార్పుగా రెండు మాటలు చెప్పాను.

"అది సరేలే. నాకిప్పుడు పదకొండు దినాలు అంటు. ఈడ చూస్తే ఏసీ నీళ్లు కారి నా బీరువా అంతా తడిసింది. ముడుపు గుడ్డ చివికిపోయినట్టుండాది. నేను ముట్టుకోగూడదు. నువ్వు మా అక్క కొడుకువి, నీకు అంటు లేదు. రేపొచ్చి తీసకపో. కొత్త గుడ్డకు పసుపు పూసి, దాంట్లో కట్టి పెట్టు. అంటు పోయినాక నాకియ్యి."

ఆ ముడుపు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కువైట్‌కు వచ్చిన మొదటి ఏడే ఆమె కొండకు మొక్కుకుని, ఇక్కడి నాణెం ఒకటి పసుపు గుడ్డలో కట్టింది. పని ముగించుకుని క్షేమంగా ఇంటికి చేరిన తరువాత హుండీలో వేయాలని మొక్కు. ఆ లోపల దాన్ని విప్పలేదు, ఎవరినీ తాకనివ్వలేదు.

మరునాడు వెళ్లాను. ఇంటి పక్కన సందులోంచి వంటిల్లు దాటితే ఆమె గది. గుమ్మం దగ్గరే నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తలతో చూపించింది.

"అదో, ఆ పౌడరు డబ్బాలో. మెల్లిగా. నన్ను తగలద్దు."

డబ్బా తీసుకుని ఆమె పక్కనుండి బయటికి వచ్చేటప్పుడు, నేను దాటేదాకా ఆమె గోడకు అతుక్కుని నిలబడింది.

అబూ హలీఫాలో నా గదికి వచ్చి, స్నానం చేసి, కొత్త తెల్లగుడ్డ ముక్కకు పసుపు పూసి ఆరవేశాను. అంతవరకూ సరిగానే చేశాను. పాత ముడి విప్పవలసిన పని కూడా లేకపోయింది. గుడ్డ దానంతట అదే పోగులుగా విడిపోయింది. నూరు ఫిల్సుల నాణెం అరచేతిలో పడింది. నల్లబడి ఉంది. పదునాలుగు నెలల అలవాటు నా వేళ్లకు. నేను అనుకోకముందే నాణేన్ని పేజీలా తిప్పాయి.

ఓడ తలకిందులుగా ఉంది.

మళ్లీ తిప్పాను. కిటికీ దగ్గరికి వెళ్లి తిప్పాను. తెరచాపలు కిందికి, అడుగుభాగం పైకి. వందల చుట్టల్లో నేను వెతికినది మా చిన్నమ్మ బీరువాలో, పౌడరు డబ్బాలో, పసుపు గుడ్డలో ఉంది.

నాలుగు రోజులు ముడుపు కట్టలేదు. ఇది దొంగతనం అన్న మాట ఆ నాలుగు రోజుల్లో నా మనసులోకి రాలేదని రాస్తే అది ఇంకొక అబద్ధం. వచ్చింది. దాన్ని పక్కకు జరపడానికి నా చదువు పనికివచ్చింది. మొక్కు విలువకే గాని లోహానికి కాదు. హుండీలో పడిన తరువాత ఈ నాణెం పరాయి దేశపు చిల్లరతో కలిసిపోతుంది, దాని విశేషం ఎవరికీ తెలియకుండా పోతుంది. నూరు ఫిల్సులకు నూరు ఫిల్సులు. నాణేనికి నాణెం. ఎవరికీ నష్టం లేదు. ఐదో రోజు ఉదయం నా జేబులోని నాణేల్లో కాస్త పాతదాన్ని ఎంచి, పసుపు గుడ్డలో పెట్టి మూడు ముళ్లు వేశాను. ముడి వేసేటప్పుడు దేవుడి పేరు పలకాలని ఆమె చెప్పి ఉంది. పలికాను.

పన్నెండో రోజు వెళ్లి ఇచ్చాను. ఆమె తలస్నానం చేసి ఉంది. రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

"చదువుకున్నోని ముడి చూడు, ఎంత పొందిగ్గా ఉండాదో" అని నవ్వింది.

ఆ నెల సమావేశానికి నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి తీసుకెళ్లాను. చేతులు మారుతూ అది అందరి దగ్గరికీ వెళ్లింది. ఇంజినీరు గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"అబ్బ! ఎక్కడ పట్టారండీ దీన్ని?"

"బ్యాంకు చుట్టలో అండీ. సబ్హాన్‌లో. ఆదివారం ఉదయం, తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు."

ఎవరూ సమయం అడగలేదు. నేనే చెప్పాను. నా మొదటి చుట్ట తాలూకు రసీదులోంచి ఆ నిమిషాలను తెచ్చి దీనికి అతికించాను.

"చూశారా, ఓపికంటే ఇదీ" అన్నారు ఆయన మిగతావారితో. "మనమేమో ఆన్‌లైన్‌లో కొనేసి సేకరణ అంటాం. ఈయన ఎన్ని చుట్టలు విప్పారో పాపం!"

డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేను తల వంచుకుంటే వినయం అనుకున్నారు.

ఇంజినీరు గారు లోపలికి వెళ్లి ఒక వెండి రూపాయి తెచ్చారు. రాజు బొమ్మ ఉన్న పాత రూపాయి. దినారు రాకముందు ఈ దేశంలో మన రూపాయలే చెల్లేవి. ఆ కాలంలో ఇక్కడి పాత ఇళ్లలో మిగిలిన నాణెమట అది. "మార్చుకుందామాండీ? మీకు వెండి అంటే ఇష్టమని ఒకసారి అన్నారు కదా" అన్నారు. నేను తల ఊపాను. ఇద్దరం నాణేలు పట్టుకుని నిలబడితే ఫొటో తీసి గుంపులో పెట్టారు. గదికి వచ్చి ఆ వెండి రూపాయిని పెట్టెలో అడుగున పెట్టాను. దాన్ని తీసి చూసింది రెండుసార్లే.

మే నెలలో చిన్నమ్మ చెప్పింది, "ఖలాస్ నాయనా. ఇంక చాలు. మామాతో చెప్పేసినా." మోకాళ్లు సహకరించడం లేదు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఏడ్చిందట, ఆపై టికెట్టు కొనిందట. జూన్‌లో ఒక గురువారానికి ప్రయాణం. ఆ ముందు శుక్రవారం నన్ను సామాను కట్టడానికి పిలిచింది.

రెండు పెట్టెలు కట్టిన తరువాత ఆమె పౌడరు డబ్బా తెచ్చుకుని మంచం మీద కూర్చుంది.

"ఇరవై రెండేండ్లు ఆయన సొమ్ము నా దగ్గిర పెట్టుకున్నా. వడ్డీ కలపద్దా? ఆయన వడ్డీ కాసులోడు, ఊరికే వదల్తాడా?" అంటూ ముడి విప్పసాగింది.

ముడుపును అలాగే హుండీలో వేస్తారని, దాన్ని ఇక ఎవరూ విప్పరని నేను నమ్ముకున్నాను. వడ్డీ సంగతి నాకు తట్టలేదు.

"ఈ బిళ్ళ కథ నీకు చెప్పలేదు గదా" అంది, ముడి మీదే చూపు ఉంచి. "వచ్చిన మొదటి వారం. పెద్ద మామా, ఆయమ్మ ఇప్పుడు లేదులే, నూరు ఫిల్సులు చేతిలో పెట్టి ఖుబ్జ్ తెమ్మని బకాలాకు పంపింది. రొట్టెను ఖుబ్జ్ అంటారని కూడా నాకు తెల్దు. అంగడి ముందర నిలబడి నిలబడి, అడిగే దానికి నోరు రాక, ఉత్త చేతుల్తో తిరిగొచ్చినా. కొడ్తాదనుకున్నా. ఆయమ్మ నవ్వి, బిళ్ళ నువ్వే పెట్టుకోమనింది. అప్పుడు తిప్పి చూసినా. ఓడ తిరగబడిపోయి ఉంది. నా బతుకు మాదిరే ఉందే అనుకున్నా. ఈడ బిళ్ళలన్నీ అంతేనేమో అనుకున్నా, మళ్లీ చూస్తే మిగతావన్నీ సక్కంగానే ఉన్నాయి. ఇదొక్కటే. సామీ, ఈ ఓడ నీది, నన్ను ఇంటికి చేర్చు అని ఆ పొద్దే కట్టేసినా."

ముడి విడింది. ఆమె నాణేన్ని వేళ్ల మధ్య పట్టుకుని తిప్పింది. ఇంకోసారి తిప్పింది. నేను గోడను చూస్తున్నాను.

"రేయ్" అంది చివరికి. "ఓడ నిలబడిందిరా."

నాణేన్ని నా ముఖం ముందుకు తెచ్చింది.

"చూడు, చూడు! సక్కంగా నిలబడింది. సామి తిప్పినాడు. నేను పోతాండానని తెలిసి తిప్పినాడు!" ఒక్క ఉదుటున లేచి, మోకాళ్ల నొప్పి మరిచి, వంటింట్లోకి పరుగెత్తింది. "మామా! తాలీ, షూఫీ!" అని, వచ్చి చూడమని ఆమె పిలవడం, మామా రావడం, చిన్నమ్మ అరబ్బీలో, చేతులతో, కన్నీళ్లతో కథంతా చెప్పడం గదిలోంచి విన్నాను. నాణేన్ని మామా చేతిలోకి తీసుకుని, "సుభానల్లా" అంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తరువాత చిన్నమ్మ ఊరికి ఫోను చేసింది. చిన్నాయనకు, మా అమ్మకు, వరసపెట్టి ఇంకా ఎవరెవరికో. ప్రతి ఒక్కరికీ మొదటినుండి చెప్పింది.

అన్నీ అయిన తరువాత నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది.

"నీ చేత్తో కట్టినావు గదా. నీ చెయ్యి మంచిది."

ఏమీ చెప్పకుండా బయటపడ్డాను. బస్సులో కూర్చున్న తరువాత ఆలోచించాను. గురువారం దాకా నోరు మెదపకపోతే ఆమె ఆనందంగా వెళ్లిపోతుంది. నా జేబులోని చిల్లరను తన మొక్కు అనుకుని హుండీలో వేస్తుంది. ఆమె దేవుడికి ఇస్తానన్న నాణెం మాత్రం సాల్మియాలో ఒక గాజు అలమరలో ఉంటుంది. చెబితే ఆమెకు దొరికిన దర్శనం పోతుంది. మౌనమే దయ అన్న వాదం కూడా నాకు సిద్ధంగా దొరికింది. జనవరిలో దొరికిన వాదం కూడా ఇంత నున్నగానే ఉందని గుర్తుకు వచ్చి భయం వేసింది.

శనివారం పదకొండు గంటలకు వెండి రూపాయి తీసుకుని ఇంజినీరు గారి ఫ్లాటుకు వెళ్లాను. నాణెం తిరిగి కావాలన్నాను.

"అదేంటండీ, ఇచ్చిపుచ్చుకున్నాక?" ఆయన నొచ్చుకున్నారు. "రూపాయి నచ్చలేదా? చెప్పండి, ఇంకోటేదైనా చూద్దాం."

"రూపాయి గురించి కాదండీ. ఆ నాణెం నాది కాదు."

"మీది కాకపోవడమేంటి? బ్యాంకు చుట్టలో దొరికిందన్నారుగా. టైముతో సహా చెప్పారు."

"అబద్ధం చెప్పానండీ. అది మా చిన్నమ్మది. ఆమె ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇంటిపని. నన్ను చదివించింది ఆమే. అది ఆమె కొండకు కట్టుకున్న ముడుపు. నేను విప్పి మార్చాను."

ఆయన నన్నూ, చేతిలోని టీ కప్పునూ మార్చి మార్చి చూశారు. ఆయన ఏమనేవారో తెలియదు. వంటింట్లోంచి వాళ్లావిడ గబగబా వచ్చారు.

"ముడుపా? స్వామివారి ముడుపు తెచ్చి నా షోకేసులో పెట్టారా?"

"నాకేం తెలుసే? ఈయన చుట్టలో దొరికిందంటే..."

"ఇది వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఏసీ రెండుసార్లు పోయింది, మీ ప్రమోషన్ ఆగింది. ఇచ్చేయండి ముందు. ఆగండి, చేత్తో ముట్టుకోకండి!"

ఆవిడ ఒక తమలపాకు తెచ్చారు. ఆయన అలమర తెరిచి పెట్టెను వంచితే నాణెం ఆకులో పడింది. ఆవిడ దాన్ని మడిచి నా ముందు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు. నాకు కాదు, నాణేనికి. ఆయన వెండి రూపాయిని తీసుకుని వెలుగులో ఒకసారి తిప్పి చూసుకున్నారు, ఇది కూడా మారలేదు కదా అన్నట్టు. ఆ అనుమానం నాకు న్యాయంగానే చెల్లింది.

ఆదివారం పని ముగిసిన తరువాత ముబారక్ అల్ కబీర్ వెళ్లాను. ఎండ ఇంకా తగ్గలేదు. చిన్నమ్మ వెనక సందులో బట్టలు తీస్తోంది.

"వచ్చినావా! మామా నీకు ఖర్జూరాలు పెట్టింది, తీసకపోదువు..."

ఆకు మడత విప్పి నాణెం చూపించాను. తిప్పి చూపించాను. జరిగినదంతా వరసగా చెప్పాను. గుడ్డ చివికిన రోజు, ఆ తరువాతి నాలుగు రోజులు, ఇంజినీరు గారి ఇల్లు, చప్పట్లు. వాదాలు మాత్రం చెప్పలేదు.

ఆమె చేతిలోని దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. పూర్తిగా మడిచి, బుట్టలో పెట్టి, బుట్ట పక్కన కూర్చుంది.

"అయితే సామి తిప్పలేదు."

"లేదు చిన్నమ్మా."

"ఊరంతా చెప్పుకున్నా. మీ చిన్నాయన గుళ్లో కూడా చెప్పినాడంట. ఇప్పుడొచ్చి చెప్తాండావు నువ్వు."

"తప్పయింది."

"నీకు కావాలంటే అడగాల్సింది. చిన్నమ్మా, ఇది నాకియ్యి, సామికి ఇంకోటి కట్టుకో అంటే, ఇచ్చుండనా నేను? నీకు కాదన్నదేముంది?"

అడిగితే ఇస్తుందన్న ఆలోచన నాకు అసలు రాలేదు. అడగాలంటే ముందు ఆ నాణెం ఆమెదని ఒప్పుకోవాలి, అది ఎక్కడినుండి వచ్చిందో నలుగురికీ చెప్పుకోవాలి.

"మామాకు చెప్పద్దు" అంది. "ఆయమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది ఆ పొద్దు. అది అట్నే ఉండనీ."

నాణేన్ని ఆమె చేతికి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"కింద పెట్టు."

ఆకుతో సహా సిమెంటు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాను. అప్పుడు తీసుకుంది. లోపలికి వెళ్లి నేను కట్టిన ముడుపు తెచ్చి, విప్పి, అందులోని నా నూరు ఫిల్సులను అదే చోట నేల మీద పెట్టింది.

"ఇది నీది. నా దాంట్లో కలపద్దు."

కొత్త గుడ్డ ముక్కకు పసుపు పూసి, వడ్డీ నాణెంతో కలిపి, ఓడ తలకిందులైన నాణేన్ని తనే కట్టుకుంది. ముళ్లు వంకరగా పడ్డాయి. నేను చూస్తూ నిలబడ్డాను. వెళ్లేటప్పుడు ఖర్జూరాల సంచి ఇవ్వడం మాత్రం ఆమె మరిచిపోలేదు.

గురువారం విమానాశ్రయానికి మామా కుటుంబమంతా వచ్చింది. చిన్నమ్మ నన్ను కూడా దగ్గరికి తీసుకుని తల నిమిరింది. పెట్టెల మీద పేర్లు రాయవలసి వచ్చినప్పుడు ఆమె పెన్ను నాకివ్వలేదు, మామా కూతురికి ఇచ్చింది. పది రోజుల తరువాత కొండకు వెళ్లి వచ్చామని మా అమ్మ ఫోనులో చెప్పింది. ఓడ నిలబడిన కథను ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారట. చిన్నమ్మ అవుననీ అనదట, కాదనీ అనదట.

తరువాత మారినవి ఇవి. చిన్నమ్మ నేల మీద పెట్టిన ఆ నూరు ఫిల్సులను మరుసటి ఆదివారం ఒక చుట్టలో కలిపేశాను. వాట్సాప్ గుంపులోంచి బయటికి వచ్చాను. బ్యాంకు నుండి చుట్టలు ఇప్పటికీ నేనే తెస్తాను, విప్పను. ఎవరైనా అడిగితే, మా చిన్నమ్మ ఇక్కడ ఇరవై రెండేళ్లు ఇంటిపని చేసిందని చెబుతాను. ఆమె వారానికొకసారి ఫోను చేసి, అన్నం తిన్నావా అని అడుగుతుంది. కాగితాలు మాత్రం నాకు పంపడం లేదు. పక్కింటి పిల్లతో చదివించుకుంటోంది.